గోథిక్ కథల్లో మనిషికి మతి తప్పించేది ఇల్లేనా?

గవాక్షం (ప్రశ్న):

నమస్కారం. పందొమ్మిదో శతాబ్దపు గోథిక్ చిన్నకథలను, అంటే భయం, రహస్యం నిండిన కథలను, కొంతకాలంగా వరుసపెట్టి చదువుతున్నాను. వాటిలో స్థలానికీ, భయానికీ, మతిభ్రమణానికీ ఉన్న సంబంధం గురించి ఒక సందేహం నన్ను వదలడం లేదు. ఈ కథలను పరిచయం చేసే వ్యాసాలు చాలావరకు ఒకే మాట చెబుతున్నాయి: పాడుబడిన భవనం, నేలమాళిగ, తుఫాను రాత్రి, ఇవన్నీ పాత్రల మానసిక స్థితికి ప్రతీకలట. ఆ మాట తప్పని అనను గాని, దానితో నాకు తృప్తి కలగలేదు. ఇంటిని ప్రతీక అని తేల్చేశాక కథలో దానికి చేయడానికి పనేమీ మిగలదు.

ఎడ్గార్ అలన్ పో 1839లో ప్రచురించిన ‘ద ఫాల్ ఆఫ్ ద హౌస్ ఆఫ్ అషర్’నే తీసుకోండి. మబ్బులు కమ్మిన శరత్కాలపు రోజున గుర్రం మీద అక్కడికి చేరిన కథకుడు, తన బాల్యమిత్రుడు రోడరిక్ అషర్‌ను ఇంకా కలవకముందే, ఆ ఇంటిని చూసినంత మాత్రాన భరించలేని దిగులుకు లోనవుతాడు. రోడరిక్ మరో అడుగు ముందుకు వేస్తాడు. ఆ భవనపు రాళ్లకే ఒక విధమైన చైతన్యం ఉందనీ, రాళ్ల అమరిక, వాటిని కప్పిన శిలీంధ్రం, చుట్టూ నిలిచిన కుళ్లిన చెట్లు, ఇంటి ముందరి మడుగులో వీటన్నింటి నీడ, అన్నీ కలిసి తరతరాలుగా తన వంశాన్ని మలిచాయనీ అతని నమ్మకం. అతని లెక్కన ఇల్లే కారణం. వైద్యుడిని అడిగితే, ఆ నమ్మకమే జబ్బుకు లక్షణం అంటాడు. కథ ఈ రెండింటిలో దేనికీ కట్టుబడకుండా ముగుస్తుంది.

ఇంతకీ నేను అడగదలచినది ఇది. ఈ కథల్లో స్థలం మనిషిని భయపెట్టి మతి తప్పేలా చేస్తుందా, లేక మతి తప్పిన మనిషి చూడబట్టే స్థలం అలా కనిపిస్తుందా? ఈ రెండూ కాక దానికి మరేదైనా పని ఉందా? సాధారణ సూత్రాల కన్నా, మీరు చదివిన కథల్లోని నిర్దిష్టమైన చోట్లను చూపుతూ చెబితే నాకు ఎక్కువ ఉపయోగం. నవలల జోలికి పోకుండా చిన్నకథలకే పరిమితమైతే మంచిది.

పాతపుటలు:

గవాక్షం గారూ, మీరు అషర్ కథతో మొదలుపెట్టారు కాబట్టి నేనూ అక్కడే ఉంటాను. ఆ కథ ఆరంభంలోనే కథకుడు చేసే ఒక చిన్న ప్రయోగాన్ని చాలామంది గమనించకుండా దాటిపోతారు. ఇంటిని చూసి దిగులు పడిన అతడు, ఈ దిగులు వస్తువుల అమరిక వల్ల కలిగిందేమో, అవే వస్తువులను వేరే క్రమంలో చూస్తే పోతుందేమో అనుకుని, గుర్రాన్ని మడుగు అంచుకు నడిపించి నీళ్లలో తలకిందులుగా కనబడే ఇంటిని చూస్తాడు. అతని ఒళ్లు మునుపటికన్నా ఎక్కువగా జలదరిస్తుంది. హేతుబుద్ధి ఉన్నవాడు చేసిన పరీక్షే అది. భయం అమరికలో లేదని తేల్చింది గాని, ఎక్కడ ఉందో చెప్పలేదు. తన భయం పెరుగుతోందన్న ఎరుకే దాన్ని ఇంకా వేగంగా పెంచుతోందని అతడే ఆ వెంటనే అంటాడు. మీరు అడిగిన రెండు జవాబులనూ పో తొలి పేజీల్లోనే పక్కపక్కన పెట్టి, ఎంపిక మనకు వదిలేశాడు.

నవలలను పక్కన పెట్టమన్నారు గాని, ఒక్క పోలిక కోసం వాటిని తలచుకోక తప్పదు. 1764లో హొరేస్ వాల్పోల్ ‘ద కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ రాసినప్పటి నుంచి గోథిక్ నవలకు కోట కావాలి, కోటకు సొరంగాలు కావాలి, ఆ సొరంగాల్లో పరిగెత్తే కథానాయిక కావాలి. చిన్నకథలో అంత చోటు లేదు. పో 1842లో అమెరికా రచయిత నథానియెల్ హాథార్న్ కథలను సమీక్షిస్తూ, కథను అరగంట నుంచి రెండు గంటల లోపు ఒకే విడతలో చదవగలగాలనీ, ముందుగా నిర్ణయించుకున్న ఒకే ఒక ప్రభావానికి తోడ్పడని మాట అందులో ఒక్కటి కూడా ఉండకూడదనీ వాదించాడు. 1846లో తన కవిత ఒకదాని నిర్మాణాన్ని వివరిస్తూ, ఒంటరి సంఘటన గట్టిగా తాకాలంటే స్థలానికి దగ్గరగా హద్దులు గీయడం తప్పనిసరి అని రాశాడు. కోట కుదించుకుపోయి ఒక గది అయింది. గది ఇరుకైన కొద్దీ అందులో ఉన్న ఒక్క మనిషి బుర్రకూ ఆ నాలుగు గోడలకూ మధ్య దూరం తగ్గింది. స్థలమూ మతీ ఇంతగా కలిసిపోవడానికి ఆ రూపపు అవసరమే సగం కారణమని నా అభిప్రాయం.

మిగతా సగానికి ఆ కథలోనే ఉన్న సమాధి గదిని చూడండి. రోడరిక్ కవల సోదరి మాడెలైన్‌కు కొయ్యబారిపోయే జబ్బు ఉంది. ఆమె చనిపోయిందనుకుని, కుటుంబ శ్మశానానికి తరలించే లోపల పక్షం రోజులపాటు శవపేటికను ఇంటి కిందనే ఒక గదిలో ఉంచుతారు. ఆ గది పూర్వం చెరసాల, తరువాత మందుగుండు దాచిన చోటు. అందుకే నేలకు రాగిరేకు తాపడం చేసి ఉంది, తలుపు భారీ ఇనుపది. అది సరిగ్గా కథకుడు పడుకునే గది కిందుగా, బాగా లోతున ఉంది. మాడెలైన్ పేటిక నుంచి ప్రాణాలతో బయటికి వచ్చే తుఫాను రాత్రి వినిపించే లోహపు మోతకు, ఇనుప తలుపు కిర్రుకు భౌతికమైన ఆధారాలన్నీ పో అంత ముందే అమర్చి పెట్టాడన్నమాట. అవి భ్రమలని కొట్టిపారేయడానికి వీలులేదు. ఇల్లు తన పని తాను చేస్తోంది.

నిశిరేఖ:

పాతపుటలు గారు చెప్పిన మడుగు సంగతి చక్కగా ఉంది. అయితే అక్కడి నుంచి ఇంటికి ఇంత కర్తృత్వం కట్టబెట్టడం నాకు సమ్మతం కాదు. అషర్ కథ ఒక్కటే చదివితే అలా అనిపిస్తుంది. పో రాసిన మిగతా కథలను దాని పక్కన పెడితే, స్థలం దానంతట అది ఎవరినీ భయపెట్టదని స్పష్టమవుతుంది.

1843 జనవరిలో వచ్చిన ‘ద టెల్ టేల్ హార్ట్’ ఒక ముసలాయనను చంపి నేలపలకల కింద దాచిన హంతకుడు చెప్పే కథ. అందులో స్థలం దాదాపు లేదు. ఊరి పేరు లేదు, ఇంటి వర్ణన లేదు, ముసలాయన ఎవరో, హంతకుడికి ఏమవుతాడో కూడా తెలియదు. ఉన్నదల్లా దొంగల భయంతో తలుపులు బిగించుకున్న కిటికీలు, వాటి వల్ల కమ్మిన కటిక చీకటి, ఒక లాంతరు, కొన్ని నేలపలకలు. ఆ గది ముసలాయనకు రక్షణ కోసం చీకటిగా ఉంది, అదే చీకటి హంతకుడికి మరుగు అయింది. గది మాత్రం మారలేదు. తాను పిచ్చివాణ్ని కానని నిరూపించడానికి హంతకుడు చూపే సాక్ష్యం తన జాగ్రత్త, తన ఓర్పు, తన పదునెక్కిన చెవులు. వాటిని ఎంత గట్టిగా చెబితే మనకు అతని మతి మీద అంత అనుమానం పెరుగుతుంది. ఈ కథలో భయాన్ని పుట్టించేది గొంతే. వాక్యాల వేగం, ఒకే మాటను తిప్పి తిప్పి చెప్పడం, మధ్యలో పాఠకుణ్ని నిలదీయడం, వీటిని తీసేస్తే మిగిలేది మామూలు నేరవార్త.

1846 నాటి ‘ద కాస్క్ ఆఫ్ అమొంటిలాడో’ నా వాదనకు ఇంకా బలమైన ఆధారం. ఎముకలు పేర్చిన భూగర్భ శ్మశానం, గోడలపై సురేకారపు తెల్లని పూత, గాలి ఆడక నిలవని మంటలు, అన్నీ గోథిక్ సరంజామాయే. కాని చంపదలచిన మాంట్రెసర్ సారా ఆశ చూపి అక్కడికి తీసుకొచ్చిన, తాగి ఉన్న ఫార్చునాటోకు చాలాసేపు భయమే వేయదు. దగ్గుతాడు, నవ్వుతాడు, సారా కోసం తొందరపడతాడు. గొలుసులతో బిగించి గోడ కడుతున్నప్పుడు అతను వరుసగా పెట్టిన కేకలకు హంతకుడు మాంట్రెసరే ఒక క్షణం వణికిపోతాడు. అప్పుడు ఏం చేస్తాడు? ఆ శ్మశానపు గట్టి గోడ మీద చెయ్యి వేసి చూసుకుని కుదుటపడతాడు. మనల్ని భయపెట్టాలని కట్టిన గోడ అతనికి ధైర్యం ఇచ్చింది! ఆ స్థలం అతని వంశానిది, అతని సొంతం, అతని పనికి అనువైనది. స్థలంలో భయం ఉంటే అది ఇద్దరికీ ఉండాలి కదా.

చివరగా 1844లో వచ్చిన ‘ద ప్రిమెచ్యూర్ బరియల్’. దాన్ని ఎవరూ పెద్దగా మెచ్చుకోరు గాని, మీ ప్రశ్నకు పో స్వయంగా ఇచ్చిన జవాబు అదేనని నేను అనుకుంటాను. అందులోని కథకుడికీ మాడెలైన్‌కు ఉన్నలాంటి కొయ్యబారే జబ్బు ఉంది. బతికుండగానే పాతిపెడతారన్న భయంతో అతడు కుటుంబ సమాధిని లోపలి నుంచి తెరుచుకునేలా మార్పిస్తాడు, గంట కూడా కట్టించుకుంటాడు. ఒక రాత్రి మెలకువ వస్తే చుట్టూ చీకటి, ముఖానికి కొద్దిపాటి ఎత్తులో చెక్క, దవడకు కట్టిన గుడ్డ, ముక్కుకు తడిమట్టి వాసన. శవపేటికలోనే ఉన్నానని నిశ్చయించుకుని కేకలు పెడతాడు. తీరా చూస్తే అది ఒక చిన్న ఓడలో ఇరుకైన పడక. మట్టి వాసన ఆ ఓడలో తీసుకెళుతున్న తోటమట్టిది. గుడ్డ అతడు నిద్రకు ముందు తలకు కట్టుకున్న రుమాలే. ఆ దెబ్బతో అతని జబ్బు కూడా వదిలిపోతుంది. పడకను శవపేటికగా మార్చినది అతని మనస్సే.

చిత్తరువు:

ఇద్దరి మధ్య దూరడం కాదు గాని ఒక చిన్న చేర్పు. ‘ద మాస్క్ ఆఫ్ ద రెడ్ డెత్’ (1842) ఈ చర్చలో రాకపోవడం వింతగా ఉంది. ఏడు గదులు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క రంగు, తూర్పు నుంచి పడమటికి వరుస, చివరన నల్లటి గది, దానికి మాత్రం ఎర్రటి అద్దాలు. ఆ గదుల నుంచి ఎవరికీ పిచ్చి ఎక్కలేదు. ఆ గదులను ఊహించి కట్టించిన ప్రాస్పెరో యువరాజునే కొందరు పిచ్చివాడని అనుకునేవారని కథ చెబుతుంది, అతని అనుచరులకు మాత్రం అలా అనిపించలేదట. స్థలం మనిషిని చెరపడం, మనిషి స్థలాన్ని చెరపడం అనే రెండు దారులే కాక, మనిషి తన వికారాన్ని ఇంటి పథకంగా గీయించుకుని, ఇతరులను అందులో నాట్యమాడించడం అనే మూడో దారి కూడా ఉంది. డబ్బూ అధికారమూ ఉన్నవాడి పిచ్చికి వాస్తుశిల్పి దొరుకుతాడు.

గవాక్షం:

అందరికీ కృతజ్ఞతలు. నిశిరేఖ గారు చెప్పిన గోడ మీద చెయ్యి వేసే సందర్భాన్ని నేను ఇంతవరకు ఆ దృష్టితో చూడలేదు. అయితే ఆ ఉదాహరణలన్నీ పోవే. ఒకే రచయిత అలవాటును ఆ సాహిత్య శాఖ మొత్తానికి అంటగడుతున్నామేమోనని నా బెంగ. షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో ప్రచురించిన ‘ద యెల్లో వాల్‌పేపర్’ను ఈ వాదనల్లో ఎక్కడ పెడతారు? అక్కడ గది నిజంగానే కథకురాలిని చెరిచిందని నాకు అనిపిస్తుంది. మొదటి పేజీలో ఆమె మాటల్లో చతురత, ఇంగితం కనిపిస్తాయి. చివరి పేజీలో నేల మీద పాకుతుంది. మధ్యలో మారినది ఆ గదిలో ఆమె గడిపిన వేసవి మాత్రమే. ‘గదిని మనస్సు మారుస్తుంది’ అన్న నిశిరేఖ గారి సూత్రం అక్కడ అన్యాయంగా ఉండదా?

దీపస్తంభం:

అన్యాయంగానే ఉంటుంది. ఎందుకంటే గిల్మన్ కథలో ఆ గదిని ఎంపిక చేసింది కథకురాలు కాదు. ఆమెకు కింది అంతస్తులో, గులాబీలు అల్లుకున్న కిటికీతో, వసారాలోకి తెరుచుకునే గది కావాలి. వైద్యుడైన భర్త జాన్ ఒప్పుకోడు. పై అంతస్తులోని పెద్ద గదే ఆరోగ్యానికి మంచిదంటాడు. ఆమె రాయకూడదు, ఎవరినీ ఎక్కువగా కలవకూడదు, బిడ్డను చూసుకునే పని కూడా మరొకరిది. ఆ రోజుల్లో ఇది కల్పన ఏమీ కాదు. ఫిలడెల్ఫియా వైద్యుడు సైలస్ వెయిర్ మిచెల్ నరాల బలహీనతకు సూచించిన విశ్రాంతి చికిత్స అది. అతని పేరు కథలోనే వస్తుంది, త్వరగా కోలుకోకపోతే ఆయన దగ్గరకు పంపిస్తానని జాన్ అంటాడు. గిల్మన్ స్వయంగా 1887లో ఆ చికిత్సకు వెళ్లింది. వీలైనంత గృహజీవితం గడపమని, రోజుకు రెండు గంటలకు మించి బుద్ధికి పని పెట్టవద్దని, జీవితాంతం కలం, కుంచె, పెన్సిలు ముట్టవద్దని తనకు చెప్పారనీ, మూడు నెలలపాటు పాటించి మతి పూర్తిగా కోల్పోయే అంచుకు చేరాననీ ఆమె 1913లో రాసింది. ఈ కథలో గది మనస్సుకు ప్రతీక అన్నవారు, ఆ గది తలుపు వెనుక ఉన్న వైద్యశాస్త్రాన్ని చూడనట్టే.

కాని ఇక్కడితో ఆగితే కథ ఒక ఫిర్యాదు పత్రంగా మిగిలిపోతుంది. దాన్ని గొప్ప గోథిక్ కథగా నిలబెట్టేది ఆ గదిలోని గుర్తులు. వాటిని కథకురాలు మనకు ముందు నుంచీ నిజాయితీగా చెబుతూనే ఉంటుంది. కిటికీలకు ఊచలున్నాయి, పూర్వం చిన్నపిల్లల గది అయి ఉంటుందని, ఊచలు పిల్లల కోసమేనని ఆమె ఊహ. గోడలకు ఇనుప కడియాలున్నాయి. వ్యాయామశాల కాబోలు అనుకుంటుంది. మంచాన్ని నేలకు మేకులతో కొట్టేశారు. మంచం తలవైపు, తన చేయి అందినంత మేర, గోడకాగితం చింపేసి ఉంది. గోడ అడుగున గది చుట్టూ తిరిగే ఒక గీత, ఎవరో ఒరుసుకుంటూ తిరిగినట్టుగా ఉంది. పిల్లలు ఎంత అల్లరి చేశారో అనుకుంటుంది. మొదటిసారి చదివినప్పుడు మనమూ ఆ మాట నమ్ముతాం. చివరికి ఆమె పాకుతూ, తన భుజం ఆ గీతలో సరిగ్గా ఇమిడిపోయిందని సంబరపడుతుంది. మంచం కోళ్లు ఎవరో కొరికినట్టున్నాయని చెప్పిన ఆమే, కోపం పట్టలేక ఒక మూల ముక్క కొరికేస్తుంది. అప్పుడు ఊచలు, కడియాలు, మేకులు అన్నీ ఒక్కసారిగా అర్థం మార్చుకుంటాయి. ఆ గదిలో ఇంతకుముందు ఎవరిని ఉంచారు? లేక ఆ గీత గీసినదీ, కాగితం చింపినదీ మొదటి నుంచీ ఆమేనా? కథకురాలి బట్టలకూ జాన్ బట్టలకూ పసుపు మరకలు అంటుతున్నాయని ఆడపడుచు జెన్నీ విసుక్కున్నప్పుడు, అది అద్దకపు లోపమా, కథకురాలు గోడలను ఒరుసుకుంటూ తిరగడం అప్పటికే మొదలైందా అన్నది మనం తేల్చుకోవాలి.

అందుకే మీ రెండు ప్రత్యామ్నాయాల్లో ఏదీ నాకు సరిపోదు. ఈ కథల్లో స్థలం చేసే అసలైన పని సాక్ష్యం ఇవ్వడం. కథకుల మాట నమ్మలేం, కాని వాళ్లు చూసిన వస్తువులు అబద్ధం చెప్పవు. వస్తువులను చూపేది కథకుడి కళ్లే అయినా, వాటి భావం అతనికి తట్టకముందే మనకు తడుతుంది. భయం పుట్టేది ఆ వ్యవధిలో. అషర్ కథలోనూ ఇదే జరిగింది. శవపేటికలో ఉన్న మాడెలైన్ చెక్కిళ్ల మీద లేత ఎరుపును కథకుడు చూశాడు, ఆమె జబ్బు స్వభావం ముందే విన్నాడు, అలాంటి జబ్బుతో పోయినవారి ముఖం అలాగే ఉంటుందని సర్దిచెప్పుకుని మూత బిగించాడు. ఇంటి కప్పు నుంచి మడుగు దాకా వంకరటింకరగా దిగిన సన్నని బీటను అతడు మొదటి రోజే చూశాడు. ఆ రెండు సాక్ష్యాలూ చివరి పేజీలో అతనికి ఎదురుపడ్డాయి.

నిశిరేఖ:

దీపస్తంభం గారూ, సాక్ష్యం అన్న మాట నాకు నచ్చింది. దానితో నా అభ్యంతరం చాలావరకు తీరింది. నేను చెప్పిన ఓడ కథ కూడా అందులో ఇమిడిపోతుంది: మట్టి వాసన నిజం, చెక్క నిజం, అతను రాసుకున్న తీర్పు మాత్రం తప్పు. ‘ద టెల్ టేల్ హార్ట్’లో హంతకుడు రాత్రులు గోడలో కొట్టుకునే చెక్కపురుగుల చప్పుడు వింటూ కూర్చునేవాణ్నని తనే చెబుతాడు. పాత కలపలో తలను కొట్టుకుంటూ టిక్కుటిక్కుమనే ఆ పురుగు చప్పుడును జనం చావుకు సూచనగా భావించేవారు. ఆఖరున నేలపలకల కింద నుంచి వినిపించిన గుండె చప్పుడు ఆ పురుగుదేనని కొందరు విమర్శకులు అంటారు. నేను అంతదూరం వెళ్లను. గుండె ఎవరిదో తేలిపోతే కథ చిన్నబోతుంది. అయినా చప్పుడు చేయగల వస్తువు ఒకటి ఆ గోడలో ముందే ఉందన్నది కాదనలేని విషయం.

ఒక్క చిక్కు మాత్రం ఉంది. రోడరిక్ అషర్ చెవులు కూడా జబ్బుతో పదునెక్కినవే. ఆ చెవులు విన్నది అక్షరాలా నిజం. చెల్లెలు పేటికలో కదులుతోందని అతనికి రోజుల తరబడి తెలుసు, చెప్పే ధైర్యం లేకపోయింది. అక్కడ సాక్ష్యాన్ని సరిగ్గా చదివినవాడు పిచ్చివాడు, తప్పుగా చదివినవాడు మతి స్థిమితంగా ఉన్న కథకుడు. తలుపు తెరుచుకోబోయే ముందు రోడరిక్ కథకుడినే పిచ్చివాడా అని సంబోధించడం నాకు ఎప్పుడూ యాదృచ్ఛికంగా అనిపించలేదు.

పాతపుటలు:

ఈ చర్చలో ఇంగ్లీషు కథలే వచ్చాయి కాబట్టి ఫ్రెంచి కథ ఒకటి చేరుస్తాను. మొపాసా రాసిన ‘ల ఓర్లా’కు రెండు రూపాలున్నాయి. 1886లో వచ్చిన మొదటి దానిలో రోగి తన అనుభవాన్ని వైద్యుల ముందు చెప్పుకుంటాడు. చివరకు అతన్ని చూపించిన వైద్యుడే, ఇతను పిచ్చివాడో, మేమిద్దరమూ పిచ్చివాళ్లమో తెలియడం లేదంటాడు. 1887 నాటి రెండో రూపం దినచర్య. వైద్యుడు లేడు, తీర్పు చెప్పేవారు లేరు. నేను దీన్ని ప్రస్తావించడానికి కారణం అందులోని ఇల్లు. రూవాన్ దగ్గర సీన్ నది ఒడ్డున ఇల్లు, పెద్ద చెట్టు నీడ, పుట్టి పెరిగిన నేల మీద అతనికున్న ప్రేమ, ఇవే మొదటి పుటలో కనిపిస్తాయి. శిథిలం లేదు, బీట లేదు. నదిలో వెళుతున్న ఒక బ్రెజిల్ ఓడ అందంగా ఉందని దానికి వందనం చేస్తాడు, అంతే. తరువాత రాత్రిపూట మంచం పక్కన నీళ్లు ఖాళీ అవడం మొదలవుతుంది; కనబడని జీవి ఏదో తాగుతోందని అతని అనుమానం.

అషర్ కథలో కథకుడు మడుగు ఒడ్డున చేసిన పరీక్ష లాంటిదే ఇతనూ చేస్తాడు, మరింత పకడ్బందీగా. నీళ్ల సీసానూ పాల సీసానూ తెల్లని బట్టతో చుట్టి, తన పెదవులకూ చేతులకూ నల్లని పొడి పూసుకుని పడుకుంటాడు. తెల్లవారేసరికి బట్ట మీద మచ్చ లేదు, సీసాలు ఖాళీ. పరీక్ష ఎంత బాగా చేస్తే భయం అంత గట్టిపడింది. నిశిరేఖ గారి సూత్రానికి ఇది లొంగుతుందేమో చూడండి: ప్రయాణం చేసి మోన్ సాంమిషెల్‌కో పారిస్‌కో వెళ్లినప్పుడు అతడు పూర్తిగా బాగుంటాడు, ఇంటికి తిరిగి రాగానే మళ్లీ మొదలవుతుంది. అంటే కారణం ఇంట్లోనే ఉంది. చివరకు ఆ కనబడని జీవిని బంధించడానికి కిటికీకి ఇనుప తలుపులు బిగించి ఇంటికి నిప్పు పెడతాడు; నౌకర్లు లోపల నిద్రపోతున్న సంగతి, వాళ్ల కేకలు వినిపించాకగాని గుర్తుకు రాదు.

పాడుబడిన భవనం లేకుండా, పట్టపగటి వెలుగులో, ప్రేమించిన ఇంట్లో కూడా గోథిక్ కథ నడుస్తుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు. షెరిడన్ లెఫాను 1869లో రాసిన ‘గ్రీన్ టీ’లోని మతగురువును వెంటాడే నల్లకోతి అతనికి మొదట కనబడింది ఏ శ్మశానంలోనో కాదు, గుర్రపు బస్సులో.

గవాక్షం:

ఇప్పుడు నాకు చదవాల్సిన పద్ధతి ఒకటి దొరికింది. ప్రతి కథలో కథకుడు చూసి, తేలికగా కారణం చెప్పి వదిలేసిన వస్తువులను విడిగా రాసుకుంటూ మళ్లీ చదువుతాను. అషర్ కథతోనే మొదలుపెడుతున్నాను. ఒక్కటి మాత్రం దీపస్తంభం గారిని అడగాలి. ఆ ఇల్లు బీటలు తీసి మడుగులో కూలిపోవడాన్ని చూసినవాడు కథకుడు ఒక్కడే, అప్పటికి అతడు భయంతో పారిపోతున్నాడు. ఆ చివరి సాక్ష్యాన్ని కూడా వస్తువుల సాక్ష్యంగానే లెక్కించాలా?

దీపస్తంభం:

లెక్కించాలి. బీటను అతడు మొదటి రోజున, ఇంకా ప్రశాంతంగా ఉన్నప్పుడే చూశాడు కాబట్టి ఇల్లు కూలడానికి కారణం కథలో ఉంది. ఆ రాత్రి ఇంటి చుట్టూ వెలిగిన వింత కాంతి సంగతి వేరు. దాన్ని చూసిన క్షణంలోనే మడుగు ఆవిరి అనీ, విద్యుత్తు అనీ రోడరిక్‌కు సర్దిచెప్పబోయాడు. మీ జాబితాలో ఆ రెండింటినీ వేరు వేరు వరుసల్లో రాసుకోండి.